అయిదు గంటల పిట్టల కబురు

మా పక్కింటి తివాచీల బాబాయిగారు పోయారు. రోహిణి కార్తె ఇంకా వెళ్ళలేదు. పొద్దున్న ఏడు కూడా కాకముందే గోడలు వేడెక్కిపోయిన రోజు అది. నేను పెరట్లో పిట్టల తొట్టెలో నీళ్ళు పోస్తున్నాను. గోడ అవతల నుంచి పిన్నిగారు, "అమ్మా, ఒకసారి వస్తావా? మీ బాబాయిగారు పలకట్లేదు" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినట్టే చెప్పారు. నేను చెంబు అక్కడే వదిలేసి పరుగెత్తాను. వెళ్ళి చేసేదేమీ లేకపోయింది, నిద్రలోనే పోయారు.

నెల కావస్తోంది. ఆయన పేపర్లో ఫోటో వేసేంత పెద్దమనిషి కాదు. మా వీధి దాటితే ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువే. అయినా నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు. పైగా ఆయన విషయంలో నేను రెండు తప్పులు చేశాను. ఒకసారి నిజం చెప్పి, ఒకసారి అబద్ధం చెప్పి. ఆ రెండూ మీ దగ్గర ఒప్పుకోవాలి.

బాబాయిగారిది ఏలూరు. తొమ్మిదో ఏట మగ్గం ముందు కూర్చున్నారట. ఉన్నిపోగుతో ముడి మీద ముడి వేస్తూ తివాచీ నేసే పని. అరవై దాటేవరకూ అదే చేశారు. కుడిచేయి వణకడం మొదలయ్యాక మగ్గం ఆపేసి, వట్లూరు వైపు మా కాలనీలో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చారు. ఒక్కతే కూతురు, తాడేపల్లిగూడెంలో కాపురం. కాలనీలో అందరికీ ఆయన తివాచీల సాయిబుగారు. నాకు మాత్రం మొదటి నెలలోనే బాబాయిగారు అయిపోయారు. అదీ తగవు పెట్టుకుని.

నేను ఏలూరులో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. జవాబు తప్పయితే తప్పని ముఖం మీదే చెప్పేస్తాను. ఈ అలవాటు స్కూల్లో చెల్లుతుంది గానీ ఇంట్లోనూ వీధిలోనూ చెల్లదని మా ఆయన అంటూనే ఉంటారు. ఆ ఏడు వేసవి సెలవుల్లో డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టాను. సాయంత్రం తీయబోతే వాటి మీద ఎర్ర పోగులు, ఆకుపచ్చ పోగులు. ఒక వడియానికైతే మీసం మొలిచినట్టు నల్ల ఉన్ని. పళ్ళెం పట్టుకుని తిన్నగా పక్కింటికి వెళ్ళాను.

"ఏవండీ, ఇది మీ ఇంటి ఉన్నేనాండీ?"

ఆయన ఒక వడియాన్ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని తిప్పి తిప్పి చూశారు. "మాదేనండీ టీచరుగారూ. ముదురెరుపు. మా ఆఖరి తివాచీలో మిగిలిన రంగు. అయితే మీ డాబా మీదికి నేను విసరలేదండీ. గోరింక తెచ్చుంటుంది. నోట్లో పోగులు ఎక్కువైతే మధ్యలో ఎక్కడో దించుకుని సర్దుకుంటుందది."

"గోరింకా?"

"రేపు పొద్దున్న ఓ పావుగంట కూర్చోండి, చూపిస్తాను. వడియాలకి మాత్రం నేనేం చేయలేనండీ. నూనెలో వేశాక ఉన్ని కాస్తా కరకరలాడుతుందేమో."

నవ్వొచ్చేసింది. కోపంతో వెళ్ళిన మనిషి నవ్వాక ఇక తగవేముంటుంది?

మర్నాడు వెళ్ళాను. జామకొమ్మకి వేలాడదీసిన వలసంచి నిండా ఉన్నిముక్కలు. మగ్గం అమ్మేసినా మిగిలిన ఉన్ని పారేయబుద్ధి కాక పిట్టల గూళ్ళ కోసం పెట్టారట. పావుగంట అనుకున్నది గంటన్నర అయింది. గోరింక నిజంగానే వచ్చింది. రెండు పోగులు లాగి, చాలక మూడోది లాగి, అది జారిపోతే కిందికి దిగి దాన్ని తిట్టినట్టు అరిచి, మళ్ళీ నోట కరుచుకుని పోయింది. నలభై ఏళ్ళు వచ్చాయి నాకు. గోరింకని ముక్కు నుంచి తోకదాకా చూడటం అదే మొదలు.

"పిట్టల్ని వెతక్కూడదమ్మాయ్" అన్నారాయన. టీచరుగారు అప్పటికే అమ్మాయి అయిపోయింది. "కదలకుండా కూర్చుంటే అవే మన పక్కకొచ్చి వాటి పని అవి చేసుకుంటాయి."

తివాచీని కింద నుంచి పైకి, వరుస తరవాత వరుసగా నేస్తారు. ఆయన పెరడునీ అలాగే చూసేవారు. ముందు నేల. అది ఎడమ నుంచి కుడికి అయ్యాక పొదలు. ఆ తరవాత కొమ్మలు, అన్నిటికన్నా ఆఖర్న కరెంటు తీగ. నేను రాగానే తల ఎత్తి పైకి చూసేదాన్ని. "పునాది లేకుండా డాబా వేస్తున్నావ్" అనేవారు. ఆయన చెప్పినట్టు చూడటం మొదలుపెట్టాక, నా పెరట్లో నాకు తెలియని సంసారాలు ఎన్ని ఉన్నాయో కనిపించింది. నీళ్ళకుండ కింద తడిలో ఒక కప్ప వేసవంతా కాపురముంటోంది. గొంతు ఎర్రగా చేసుకుని తొండ గోడ మీద దండీలు తీస్తోంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం ఉడత నీడపట్టున గచ్చు మీద బోర్లా పడుకుని నాలుగు కాళ్ళూ చాపేస్తుంది. మొదటిసారి చూసి చచ్చిపోయిందనుకుని కేకేశాను. "నిద్ర చెడగొట్టకు, పాపం" అని గోడవతల నుంచి వినిపించింది.

నీళ్ళతొట్టెలో ఆయన ఒక పెంకుముక్క ఏటవాలుగా పెట్టేవారు. తేనెటీగ నీళ్ళు తాగడానికొచ్చి మునిగిపోకుండా, దాని మీద వాలుతుందని. ఎండ జరిగినకొద్దీ తొట్టెనీ జరిపేవారు. ఉదయం కరివేపాకు చెట్టు కింద, మధ్యాహ్నం గోడ వారన, సాయంత్రం మళ్ళీ కరివేపాకు దగ్గర. పిన్నిగారు విసుక్కునేవారు. "ఇంట్లో మనిషికి దాహమేస్తుందో లేదో ఆయనకి పట్టదు" అని నాతో చెప్పేవారు. ఆయనకి వినపడేలాగే చెప్పేవారు.

కొల్లేరు గూడబాతుల్ని చూడటానికి మా కాలనీ వాళ్ళు చలికాలంలో కార్లేసుకుని వెళతారు. ఒకసారి మాతో రమ్మన్నాను. "వాటిని చూడటానికి బోలెడు జనముంది. మా గోరింకకి ఎవరున్నారమ్మాయ్?" అని రాలేదు. వేసవి చివర్లో కొల్లేరు ఎండుముఖం పట్టినప్పుడు మాత్రం, సాయంత్రాలు పెదపాడు చేపల చెరువుల వైపు తెల్లకొంగలు బారులుగా పోతుంటే లేచి నిలబడి చూసేవారు. ఎందుకు లేస్తారని అడిగితే, "పెద్ద ప్రయాణం మీద ఉన్నాయి కదా" అన్నారు.

మొదటి తప్పు చేసింది మూడేళ్ళ కిందట.

వాళ్ళ మేడమెట్ల కింద గోడలో పైపు కోసం వదిలేసిన కన్నం ఉంది. గోరింకలు అందులో గూడు పెట్టాయి. ఓ పొద్దున్న జంట గోరింకలు గొంతు చించుకుని అరుస్తుంటే వెళ్ళాం. కన్నంలోంచి ఒక పిల్ల తలకిందులుగా వేలాడుతోంది. కాలికి దారం చుట్టుకుంది. నేను స్టూలెక్కి మెల్లగా కిందికి తీశాను. ఆయన దాన్ని తువ్వాల్లో పట్టుకున్నారు. మగ్గం నాటి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నా చేయి వణుకుతుందమ్మాయ్. నువ్వు కత్తిరించు."

పోగు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కలేదు. ముందురోజు నుంచీ బిగుసుకుంటూ వచ్చినట్టుంది. కింది భాగం నల్లబడి ఎండుపుల్లలా ఉంది. చుట్లు విప్పేసరికి ఆ కాలు పోగుతో పాటే నా చేతిలోకి వచ్చేసింది. పిల్ల మాత్రం బతికే ఉంది. ఆయన నా అరచేతిలోకి చూశారు. ముదురెరుపు పోగు. యాభై ఏళ్ళు రంగుల మధ్య బతికిన మనిషికి అది ఎవరిదో ఇంకొకరు చెప్పాలా? అయినా అడిగారు.

"ఇది నా ఉన్నేనా?"

అక్కడ పిన్నిగారున్నారు, మా ఆయనున్నారు, ఎదురింటివాళ్ళున్నారు. కాదులెండి అన్నారొకరు. ఎక్కడి నుంచో తెచ్చుకునుంటుంది, దాని రాత అన్నారింకొకరు. నేనన్నాను కదా, "మీదేనండీ. జానెడు పొడుగు పోగులు పెట్టారు. వేలెడంత కత్తిరించి పెట్టుంటే దాని కాలు పోయేది కాదు."

అబద్ధం కాదు. కానీ చెప్పిన తీరు, బోర్డు దగ్గర పిల్లాడికి చెప్పే తీరు. ఆయన పిల్లని తిరిగి గూట్లో పెట్టమన్నారు. తువ్వాలు మడుచుకుని లోపలికి వెళ్ళి పెరటి తలుపు వేసుకున్నారు.

ఆ తలుపు ఇరవై రోజులు తెరుచుకోలేదు. జామకొమ్మ మీది సంచి మాయమైంది. నీళ్ళతొట్టె ఎండిపోతుంటే నేనే గోడ మీంచి పైపు వేసి నింపేదాన్ని. మా ఆయన కూడా, "నిజమే అన్నావు గానీ, ఆ క్షణానే అనాలా?" అన్నారు. నాకు అన్నం సహించలేదు. జీవితమంతా ముడి వేసిన మనిషిని, ఆ ముడే ఒక ప్రాణిని పట్టేసిందని నలుగురిలో నిలబెట్టాను. వెళ్ళి క్షమించమని అడుగుదామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను.

ఇరవై ఒకటో రోజున తలుపు తీసుకుని ఆయనే గోడ దగ్గరికి వచ్చారు. మనిషి చిక్కిపోయారు.

"అమ్మాయ్, ఆ కుంటిపిల్ల ఉందా?"

"ఉందండీ. ఎగురుతోంది. వాలేటప్పుడు ఒరిగిపోతోంది. తల్లి ఇంకా నోట్లో పెడుతూనే ఉంది."

"బతుకుతుందంటావా?"

"తెలీదండీ."

తలూపి లోపలికి వెళ్ళారు. మర్నాటి నుంచి జేబులో కత్తెర వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. రెండు పెరళ్ళలోనూ కనిపించిన పోగల్లా ఏరారు. మా బట్టల తీగకి వేలాడే నైలాను కొసలు కత్తిరించారు. తెగిన గాలిపటాల దారం తీశారు. పెదపాడు రోడ్డు మీద చేపల చెరువుల నుంచి కొట్టుకొచ్చిన వలముక్కలు కనిపిస్తే, నడకకి వెళ్ళినప్పుడు అవీ ఏరి సంచిలో వేసుకొచ్చేవారు. గూళ్ళ కోసం ఇక కొబ్బరిపీచే పెట్టారు, అదీ వేలెడంత ముక్కలు చేసి. ఆ కుంటి గోరింక వానలు పడేదాకా కనిపించింది. తరవాత ఏమైందో మాకు తెలియదు.

"ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సిందండీ" అని ఒకసారి మొదలుపెట్టాను. "మెల్లగా మాట్లాడు, పొదలో తేనెపిట్ట ఉంది" అన్నారు. ఇంకోసారి మొదలుపెడితే జామపండు కోసి చేతిలో పెట్టారు. మూడేళ్ళూ ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

ఈ వేసవికి ఆయన గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెనకగదిలో మంచం వేశారు గానీ, కిటికీ ఎత్తుగా ఉండి పడుకున్న మనిషికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. కూతురు గూడెం నుంచి వచ్చినప్పుడల్లా, "పెరడంతా పిట్టలే నాన్నా, ఎంత బాగుందో" అనేది. ఆయన తల అటు తిప్పుకునేవారు. ఓ రోజు పిన్నిగారి చేత నాకు కబురు పెట్టారు.

"స్కూలు సెలవులే కదమ్మాయ్. రోజూ అయిదింటికి వచ్చి ఏమేం వచ్చాయో చెప్పి పో. కింద నుంచి పైకి చెప్పాలి."

వెళ్ళేదాన్ని. నేల మీద ఏంటంటే చెప్పేదాన్ని. పొదలో, కొమ్మ మీద, తీగ మీద. "పిచ్చుకలు చాలా వచ్చాయండీ" అంటే ఊరుకునేవారు కాదు. "చాలా అంటే ఎన్ని? లెక్కల టీచరువి కదా." జెముడుకాకి కాలువ గట్టున నడిచి వెళ్ళిందంటే, నోట్లో ఏముందని అడిగేవారు. చూడలేదంటే కోప్పడేవారు కాదు. "రేపు చూడు" అనేవారు. ఒక పూట జల్లు పడి ఉసిళ్ళు లేచిన సాయంత్రం, ఎవరెవరు ఎన్నెన్ని తిన్నారో చెప్పేసరికి అరగంట పట్టింది. కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో ఆగితే చెయ్యి ఆడించేవారు, కానివ్వమని.

మా నందివర్ధనం పొదలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. తల మీద నల్లజుట్టు, తోక కింద ఎర్రమచ్చ ఉండే పిట్ట. మూడు గుడ్లు, మూడు పిల్లలు. ఆ గూటి మీద ఆయనకి ప్రాణం. కళ్ళు తెరిచాయా, ఈకలొచ్చాయా, తల్లి ఏం తెస్తోంది, అన్నీ కావాలి. ఇవాళో రేపో ఎగురుతాయని నేను చెప్పిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం పొదలో అలికిడి అయింది. నేను పరుగెత్తేసరికి పిల్లి గోడ దూకుతోంది. గూడు ఒరిగిపోయింది. కింద కాసిని నూగు ఈకలు. తల్లీ తండ్రీ నోట్లో పురుగులతోనే పొద చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చాను.

అయిదింటికి మొహం కడుక్కుని వెళ్ళాను. ఆ రోజు ఆయనకి అస్సలు బాగాలేదు. ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటున్నారు.

"పిల్లలు?" అన్నారు ముందే.

"ఎగిరిపోయాయండీ."

"మూడూనా?"

"మూడూ."

"ఎటు?"

"జామచెట్టు మీదికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి అటు."

"మంచిది" అన్నారు. ఆ రోజు ఇంకేమీ అడగలేదు. నేలా పొదా కూడా అడగలేదు. ఆ తరవాతి మూడు రోజులూ మందుల మత్తులోనే ఉన్నారు. నాలుగో రోజు పొద్దున్నే పిన్నిగారు నన్ను పిలిచారు.

ఆయన్ని ఏలూరు తీసుకెళ్ళారు, వాళ్ళ పెద్దవాళ్ళ సమాధుల దగ్గరికే. ఆ సాయంత్రం అయిదింటికి నా కాళ్ళు వాటంతట అవే గోడ దగ్గరికి వెళ్ళాయి. అక్కడ నిలబడి ఏం చేయాలో తెలియక మళ్ళీ లోపలికి వచ్చాను.

మొన్న ఆదివారం పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. భర్త పోయాక వాళ్ళ ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు ఆవిడ గడప దాటరు. పెరటి వరండాలో చాప మీద కూర్చుని తోటకూర ఒలుస్తున్నారు. నేనూ కూర్చుని నాలుగు కాడలు అందుకున్నాను. కాసేపటికి ఆవిడే అన్నారు.

"మీ బాబాయిగారు నీ గురించి ఒక మాట అనేవారమ్మా. కూతురు వచ్చినప్పుడల్లా చెబుతోంది కదా, ఆ అమ్మాయిని ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నాను నేను. 'మీరంతా నన్ను ఓదారుస్తారు. ఆ పిల్ల ఉన్నది చెబుతుంది. గోరింక కాలు పోయిన రోజున చెప్పింది చూడు, అది నాకు కష్టంగానే ఉంది, కానీ అప్పుడే తెలిసింది, అడిగితే ఈ పిల్లనే అడగాలని' అన్నారు."

మూడేళ్ళు నేను తప్పనుకున్నదాన్ని ఆయన నమ్ముకున్నారు. ఆ నమ్మకాన్నేమో నేను చివరి వారంలో పోగొట్టాను. ఇక దాచలేకపోయాను.

"పిన్నిగారూ, పిగిలిపిట్ట పిల్లలు ఎగరలేదండీ. పిల్లి తినేసింది. బాబాయిగారికి నేను అబద్ధం చెప్పాను."

ఆవిడ ఆకు ఒలవడం ఆపలేదు. "ఆయనకి తెలుసమ్మా. మధ్యాహ్నం తల్లిపిట్ట అరుపు విన్నప్పుడే పిల్లి పడిందన్నారు. నువ్వొచ్చి వెళ్ళాక నన్ను పిలిచి, 'పాపం, దానికి చెప్పడానికి నోరు రాలేదు. బాగా ఏడ్చినట్టుంది. టీ పట్టుకెళ్ళి కాసేపు దాని దగ్గర కూర్చో' అన్నారు. నేనే, ఈయన్ని వదిలి ఎలా వెళ్ళేదని, రేపు చూద్దాంలే అనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఆకుకూర పక్కకి పెట్టి లేచారు. లోపల గ్యాసు వెలిగించిన చప్పుడైంది. రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, నన్ను ఆనుకుని కూర్చున్నారు. ఆయన చెప్పిన పని అది.

మబ్బు పట్టి గాలి తిరిగింది. ఉన్నట్టుండి కరివేపాకు చెట్టు చివర ఒక పిట్ట వచ్చి వాలింది. వీపు నల్లన, పొట్ట తెల్లన, పొడుగాటి తోక. తల మీద కుచ్చు నిక్కబొడుచుకుని ఉంది. ఇన్నేళ్ళలో మా పెరళ్ళలో ఎప్పుడూ చూసింది కాదు.

"అదేం పిట్టమ్మా?" అన్నారు పిన్నిగారు. ఆవిడ ఒక పిట్ట పేరు అడగడం నేను వినడం అదే మొదలు.

"తెలీదండీ పిన్నిగారూ."

కొమ్మ గాలికి ఊగుతోంది. పిట్ట పట్టు వదలకుండా దానితో పాటే ఊగుతూ పడమటి మబ్బుకేసి చూస్తోంది. ఇద్దరం గ్లాసులు చేతిలో పట్టుకుని, అది ఎగిరిపోతుందేమోనని టీ కూడా తాగకుండా కూర్చున్నాం.